వాలు గట్ల లెక్క

బహుపదులంటే నాకు భయం. పదో తరగతిలో సూత్రాలన్నీ బట్టీ పట్టేశాను తప్ప, ఆ x ఎందుకొచ్చిందో ఏనాడూ అడగలేదు. అడిగితే నాకేమీ తెలియదని బయటపడిపోతుంది కదా! మార్కులు మాత్రం దండిగా వచ్చాయి. దాంతో మా నాన్న నాకు రాని లెక్కే లేదని నమ్మేశారు.

మొగల్తూరు దగ్గర మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. పిల్ల రొయ్యల్ని ముందు చిన్న నర్సరీ చెరువులో పెంచి, తర్వాత పెద్ద చెరువులోకి వదులుతాం. ఆ వేసవిలో నర్సరీ నీళ్లు సగానికి దిగిపోయాయి, పిల్లలకు జబ్బు చేసింది. మందును నీళ్ల కొలతను బట్టి వేయాలి. తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే పిల్లలన్నీ చచ్చిపోతాయి.

"అమ్మాయ్, నీళ్లెన్నో కాస్త నువ్వు లెక్క కట్టి చెప్పు," అన్నారు నాన్న.

గట్టు మీద టేపు పెట్టి కొలిచాను. పొడవు పది మీటర్లు, వెడల్పు ఎనిమిది. లోతు చూసే కర్ర అర మీటరు చూపించింది. మూడూ గుణిస్తే నలభై ఘనపు మీటర్లు. పుస్తకంలో పెట్టెకు కట్టినట్టే కట్టి, గర్వంగా చెప్పాను. నాన్న ఆ లెక్కకే మందు తూచి బకెట్లో కలిపారు.

ఆయన మగ్గుతో చల్లుతుంటే, కాళ్లు కడుక్కుందామని నేను కిందికి దిగాను. వాలు మీద రెండడుగులు వేస్తే గానీ నీళ్లు అందలేదు. అక్కడే నిలబడి లెక్క మళ్లీ మొదలుపెట్టాను. మట్టి జారకుండా మా గట్లను వాలుగా తవ్విస్తారు. చిన్నప్పటి నుంచి నేను జారి ఆడుకున్న వాలే అది. తవ్వించినప్పటి కొలతల ప్రకారం అడుగున పొడవు ఆరు మీటర్లే, వెడల్పు నాలుగే. ప్రతి మీటరు ఎత్తుకూ గట్టు రెండు మీటర్లు వెనక్కి జరుగుతుంది గనక, లోతు x అయితే సగటు పొడవు 6 + 2x, సగటు వెడల్పు 4 + 2x. వాటిని మళ్లీ xతో గుణిస్తే 24x + 20x² + 4x³. నేను తప్పించుకు తిరిగిన బహుపదే నా కాళ్ల కింద ఉంది. x చోట అర వేస్తే పదిహేడున్నర ఘనపు మీటర్లే.

నోరు మూసుకుందామనే ముందు అనుకున్నాను. సిగ్గుగా ఉన్నా నిజం అదే. ఇంతలో నాన్న మళ్లీ మగ్గు ముంచారు.

"నాన్నా, ఆపండి! లెక్క తప్పు కట్టాను. నీళ్లు అందులో సగం కూడా లేవు!"

బకెట్లో మూడో వంతే మిగిలింది, అంటే మందు అప్పటికే ఎక్కువైంది. మిగతాది పారబోసి, మందు పలచబడాలని చెరువులోకి కొత్త నీళ్లు పెట్టారు. నేను సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చుని, రొయ్యల్ని పైకి తీసి చూసే వల తట్టను మాటిమాటికీ లాగి చూస్తూనే ఉన్నాను. చివరికి పిల్ల రొయ్యలు తట్టలో హుషారుగా ఎగిరెగిరి పడుతుంటే, బతికాయని ఏడుపొచ్చింది.

నాన్న ఒక్క మాట కూడా తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే టేపు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"పెద్ద చెరువుక్కూడా కట్టి పెట్టమ్మా. నువ్వెంతంటే అంత పోసేస్తాను."

తిట్టినా అంత భయపడేదాన్ని కాదు. టేపు గట్టు మీద పెట్టేసి, ముందు నీళ్లలోకి దిగాను.