కనక వెనక్కి వేసిన అడుగు

అరకులో ఒక రిసార్టు వాళ్ళు శని, ఆదివారాల్లో టూరిస్టులకు బాల్‌రూం డాన్స్ నేర్పమని నన్ను పిలిచారు. పదేళ్ళుగా విశాఖలో నేర్పుతున్నదాన్ని. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మొదటి పాఠం ఒకటే. జంట ఎదురెదురుగా నిలబడాలి. మగవాడు ఎడమ కాలు ముందుకు వేస్తే, ఆడమనిషి కుడి కాలు వెనక్కి తీయాలి. తరవాత పక్కకి, ఆపైన రెండు కాళ్ళూ దగ్గరికి. ఒకటి, రెండు, మూడు. అంతే, ఇదేమీ బ్రహ్మవిద్య కాదు.

నా క్లాసు అయ్యాక అదే పచ్చికలో, దగ్గరి గిరిజన ఊరి నుంచి వచ్చే కనక బృందం తమ థింసా నృత్యం ఆడేది. వీపుల వెనక చేతులు పెనవేసుకుని కదిలే ఆడవాళ్ళ వరసకు ముందు నిలిచేది కనకే. ఆమె భర్త సుక్రు డప్పు కొట్టేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆటకు వాయించాడు గానీ, ఆమెతో కలిసి ఒక్క అడుగు వేయలేదు. నా పాఠం మాత్రం ప్రతివారం కళ్ళార్పకుండా చూసేవాడు.

ఒక ఆదివారం నా దగ్గరికొచ్చి, కనకతో ఒక్కసారి అలా ఆడాలని ఉందని సిగ్గుపడుతూ చెప్పాడు. ఇద్దరినీ నిలబెట్టాను. అతను ఎడమ కాలు సరిగ్గానే వేశాడు. కనక వెనక్కి తీయలేదు. వరసను నడిపించి అలవాటైన మనిషి, మొగుణ్ణి కూడా పక్కకి లాగేసింది. మూడుసార్లూ అంతే. "డప్పు కొట్టుకోక నీకెందుకిది?" అని పకపకా నవ్వింది. టూరిస్టులు నవ్వారు. నేనూ నవ్వాను. నేర్పేదాన్ని నేను, నువ్వు వెనక్కి తీయమ్మా అని గట్టిగా చెప్పాల్సింది నేను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సుక్రు వెళ్ళి డప్పు తీసుకున్నాడు. మళ్ళీ నా క్లాసు వైపు చూడలేదు.

మొన్న చలికాలంలో అతనికి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. చూడడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆరబోసిన కాఫీ గింజల పక్కన, కనక అతని రెండు చేతులూ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. అతను ఎడమ కాలు ఈడ్చి ముందుకు వేస్తే, ఆమె కుడి కాలు వెనక్కి తీస్తోంది. ఒకటి, రెండు, మూడు అని నాలాగే పైకి లెక్కపెడుతోంది.

నన్ను చూసి ఆగింది.

"అడిగిన్నాడే ఒక్క అడుగు ఎనక్కి ఏసుంటే నాకేటి పోయేది మేడం?" అంది.

ఆ తప్పులో నా వాటా నాకు తెలుసు. సుక్రు కుడిచేత్తో ఆమె చెయ్యి మెల్లగా నొక్కాడు. కనక కళ్ళు తుడుచుకోకుండానే కుడి కాలు వెనక్కి తీసింది.