బరాత్‌లో చిక్కిన నైట్రోజన్

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను చాంద్రాయణగుట్ట దగ్గరి నిర్మాణ పరిశోధనశాలలో శీతల పరీక్షల విభాగానికి అధిపతిగా వేశారు. నాకు అప్పగించిన మొదటి పని, అతిశీతల గ్యాసును ద్రవరూపంలో నిల్వచేసే ట్యాంకు కోసం, అంత చలిలో కాంక్రీటు గోడ ఎంత వేడిని లోపలికి రానిస్తుందో కొలవడం.

హీటరుకు రెండు వైపులా కాంక్రీటు పలకలు బిగిస్తాం. వాటి బయటి ముఖాలను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తాం. అది సున్నాకు నూట తొంభై ఆరు డిగ్రీల కింద మరిగే పదార్థం. ఉష్ణోగ్రతలు కదలకుండా నిలిచాకే, హీటరు తీసుకునే కరెంటును బట్టి లెక్క కట్టాలి. ఎండబెట్టిన పలకలను అప్పటికే కొలిచాం. ఇప్పుడు తడి పలకల వంతు. మధ్యలో నైట్రోజన్ అయిపోతే లోపలి మంచు కరిగి పలకలు పాడవుతాయి. కొత్తవి పోసి, నెల రోజులు నీళ్లలో ఉంచి, మళ్లీ మొదలుపెట్టాలి.

సరిగ్గా ఆ సమయంలోనే నైట్రోజన్ తెచ్చే సప్లయరు బండి చెడిపోయింది. మా డ్రైవరు యూసుఫ్ భాయ్, నేను ట్రాలీ ఆటోలో వెళ్లి నైట్రోజన్ క్యాను తెస్తుంటే యాకుత్‌పురాలో పెళ్లి బరాత్ అడ్డొచ్చింది. ఆవిరి పోవాలి గనక ఆ క్యాను మూత బిగించకూడదు. తెల్లటి పొగ చూసి, ఊరేగింపు ముందు పొగ వదిలే బండి మాదే అనుకుని పెళ్లికొడుకు మేనమామ పరుగున వచ్చాడు. పేరు మల్లేశ్, పాల వ్యాపారం.

"ఏంది భాయ్, గింత లేటా? పిల్లగాడు గుర్రమెక్కి ఎంతసేపాయె! పొగ జర ముంగట ఇడువు."

"షాదీకి కాదన్నా, ఇది మేడంది," అన్నాడు యూసుఫ్ భాయ్.

మల్లేశ్ నా వైపు తిరిగాడు. "పాల క్యాను లెక్కనే ఉంది. ఏందమ్మా ఇది?"

"మస్తు సల్లటిదన్నా, దగ్గరికి రాకు. జల్ది తీస్కపోకుంటే మా పనంత ఖరాబైతది."

"సల్లదనం పోతే మాకు పాలిరుగుతయి. మీకేం ఇరుగుతది?"

"కాంక్రీటు."

అతను పగలబడి నవ్వాడు. "ఏయ్, బాజా వాళ్లు ముంగటికి నడువుండ్రి! మేడం కాంక్రీటు ఇరుగుతదంట!"

గుర్రం పక్కకు జరిగింది. బ్యాండు ముందు, పొగలు కక్కుతూ మా ఆటో వెనక. మెయిన్ రోడ్డు దాకా అలాగే సాగనంపారు. నాకు నవ్వు ఆగలేదు.

పలకలు దక్కాయి. తడి పలక ఎండిన దానికంటే ఎక్కువ వేడిని పంపింది. చలి పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా పెరిగింది, రంధ్రాల్లో గడ్డకట్టిన నీరు వేడిని బాగా మోస్తుంది గనక. ట్యాంకు డిజైనర్లు అప్పటిదాకా ఎండిన పలక అంకెనే వాడారు. మా ఫలితం చూసి, వేడిని ఆపే పొర మందం పెంచారు.

కాంక్రీటు ఉష్ణవాహకత ఎంతని ఎవరడిగినా, ఆ తర్వాత నేను ముందు ఎంత చలిలో, ఎంత తడితో అని అడిగేదాన్ని. ఆ రెండూ రాయని అంకెను నా విభాగం నుంచి బయటికి పోనివ్వలేదు.