వాసన పట్టని తువ్వాళ్లు

ఆస్పత్రి బట్టలుతికే విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ గంజమ్మ అనే పిలుస్తారు. ఆమె చేతిమీదుగా వచ్చిన దుప్పటిలో మరక పట్టుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇంటికొచ్చినా ఆ చేతులు ఊరుకోవు. చుట్టాలెవరైనా వస్తే, వాళ్లు చెయ్యి తుడుచుకున్న తువ్వాలు వాళ్లు గడప దాటకముందే బకెట్లో మునిగేది. పెళ్లీ గిళ్లీ లేకుండానే యాభై దాటాయి. ఉన్నవల్లా రెండు పిల్లులు: బూడిదరంగు గండుపిల్లి దొర, దాని జోడు దొరసాని. రెండు గదుల ఆ ఇల్లు తమదేననీ, గంజమ్మ తమ దగ్గర అద్దెకుంటోందనీ వాటి నమ్మకం.

అదే ఆస్పత్రి మూడో అంతస్తులో ఆమె చెల్లెలు మంచాన పడి ఉంది. కడుపులో గడ్డ. కోసి, చూసి, మళ్లీ కుట్టేశారు. ఎనిమిది రోజులాగి ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆ మాటకు అర్థమేమిటో అన్నేళ్ల సర్వీసులో గంజమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"అక్కా, బుడ్డోడు మా పక్కింటివాళ్ల దగ్గరున్నాడు. నేనొచ్చేసరికి నీ ఇంట్లో ఉండాలి. వాణ్ణి ఒళ్లో వేసుకుని పడుకుంటా. నిన్ను ఇంకేం అడగను," అంది చెల్లెలు.

బుడ్డోడంటే మూడు నెలల కుక్కపిల్ల. ఎంత ఎదిగినా చేతిసంచిలో పట్టే జాతి. దొర ముందు నిలబెడితే ఎలుకేమో అనుకోవాలి.

వాణ్ణి తెచ్చి చూపిస్తే, పశువుల డాక్టరు విడమరిచి చెప్పాడు. "తొందరపడకండమ్మా. వీణ్ణి వెనక గదిలో ఉంచి తలుపెయ్యండి. ఒక తువ్వాలు వీడి ఒంటికి రుద్ది, పిల్లులు తినేచోట పరవండి. ఇంకోటి పిల్లులకు రుద్ది వీడి పక్కలో వెయ్యండి. ఒకళ్ల వాసన ఒకళ్లకి అలవాటైతే సగం చుట్టరికం కుదిరినట్టే."

గంజమ్మ తు.చ. తప్పకుండా చేశాననే అనుకుంది. సాయంత్రం డ్యూటీ దిగి రాగానే రెండు తువ్వాళ్లూ రుద్దేది. తీరా చూస్తే వాటినిండా వెంట్రుకలు, చొంగ. తిండి దగ్గర అలాంటి గుడ్డ పరుస్తారా ఎవరైనా? వేణ్ణీళ్లలో నానబెట్టి, సబ్బు పెట్టి, జాడించి, ఆరేసి, ఇస్త్రీ చేసి మరీ పరిచేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆ పని చేసేది చేతులే, బుర్రకు కబురు కూడా అందేది కాదు. ఆ తెల్లటి తువ్వాలు మీద దొర కాళ్లు చాపుకుని పడుకుంటే, చుట్టరికం కుదిరిపోయిందని మురిసిపోయింది పిచ్చిది.

ఎనిమిదో రోజు పొద్దున, మధ్యాహ్నానికి చెల్లెలు వచ్చేస్తుందనగా, వెనక గది తలుపు తీసింది. బుడ్డోడు తోకాడించుకుంటూ నేరుగా దొర మొహం మీదికే పోయాడు. దొర ఒక్కటే దెబ్బ కొట్టింది. అంత చిన్న ఒంట్లోంచి అంత కేక వస్తుందని గంజమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

బుడ్డోడి ఎడమ కన్ను తీసెయ్యాల్సి వచ్చింది. కుట్లు వేశాక డాక్టరు ఆ తువ్వాళ్లు తెమ్మన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇందులో సబ్బు వాసన తప్ప ఏముందమ్మా? ఉతికారా?"

గంజమ్మ తన చేతులవైపు చూసుకుంది.

మధ్యాహ్నం చెల్లెల్ని ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టారు. గంజమ్మ ఏదీ దాచలేదు. "అంతా నా చేతులారా చేశానే," అని ఏడుస్తూ చెప్పింది. చెల్లెలు కోప్పడలేదు, చేతులు చాపింది. గంజమ్మ వాణ్ణి అందించింది. కానీ పొద్దున్న వాడి కన్ను కోసి కుట్టిన చోట ఏ మందుల కంపు కొట్టిందో, చెల్లెలి ఒళ్లంతా అదే కంపు. బుడ్డోడు గజగజ వణికి, ఆమె చేతిలోనే ఉచ్చ పోసి, కిందికి జారి వెనక గదిలో బీరువా కిందికి దూరిపోయాడు.

"పోనీలే అక్కా. అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టట్లేదు. వాడేం గుర్తుపడతాడు?" అంది చెల్లెలు గోడవైపు తిరుగుతూ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గంజమ్మ తువ్వాళ్లతో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఉతకలేదు. చెల్లెలి చీర చెంగు కూడా ఒకటి చించి బుడ్డోడి పక్కలో వేసింది. నాలుగో రోజుకు వాడు దాని మీద మూతి పెట్టి పడుకున్నాడు.

"ఇంకెన్నాళ్లు పడుతుందంటావ్?" అని ఐదో రోజు చెల్లెలు అడిగింది.

"నాలుగు రోజులే. ఓపిక పట్టు తల్లీ."

చెల్లెలు ఓపిక పట్టింది గాని, ఒళ్లు పట్టలేదు. ఆరో రోజు మధ్యాహ్నం పోయింది.

ఆ తర్వాత గంజమ్మకు తలుపుల సంగతే గుర్తులేదు. మూడు రోజులకు డ్యూటీ నుంచి వచ్చేసరికి వెనక గది బార్లా తెరిచి ఉంది. మంచం మీంచి తీసి నేలమీద పడేసిన చెల్లెలి పరుపు మీద దొర పడుకుని ఉంది. దాని పొట్టకు ఆనుకుని, మిగిలిన ఒక్క కన్నూ మూసుకుని, బుడ్డోడు గుర్రుపెడుతున్నాడు.

గంజమ్మ ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడా? ఇప్పుడా రా కలిసేది మీరు?" అని అరిచి గోడకు ఆనుకుని కూలబడింది. మొదటిసారే సరిగ్గా చేసి ఉంటే బుడ్డోడు ఆ ఆరు రోజులూ చెల్లెలి ఒళ్లో ఉండేవాడు. చెల్లెలు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది, వీధిలోకి వినబడేంత గట్టిగా.

ఆ అరుపుకు బుడ్డోడు బెదిరి లేచాడు. ఎక్కడికి పోవాలో తెలియక, దొర వెనకాల దాక్కున్నాడు.