వదినకు చెప్పని అర్థం

ఒక ఇంగ్లిషు మాట ఏళ్ల తరబడి నా గొంతులో ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది వరంగల్లో జంపఖానాలు నేసే ఇల్లు. అన్న నేసేవాడు, వదిన నూలు కండెలు చుట్టేది. డెబ్భైల చివర్లో ఓ ఎండాకాలం అన్న చెయ్యి విరిగితే వదిన మగ్గం మీద కూర్చుంది. ఎవరినీ అడగకుండా తన పుట్టింటి ధర్మసాగర్ చెరువు మీది సాయంత్రపు రంగులన్నీ నేసింది.

అన్నకు నచ్చలేదు. "రేపు మగ్గాలు చూడ తెల్లాయన వస్తుండు. ఆయన మెచ్చుకుంటె రెండో మగ్గం నీకే. లేకుంటె మల్ల కండెలే" అన్నాడు.

ఆ వారమే నేను ఇంటర్ ఇంగ్లిషులో రెండోసారి తప్పాను. వాకిట్లో నలుగురి ముందు వదిన "మా ఇంగ్లిషు దొర" అని నవ్వింది. మరిదిని ఆటపట్టించడమే, నాకు తెలుసు. అయినా ఒళ్లు మండింది.

తెల్లాయన వచ్చాడు. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి వెంట వచ్చినతను జీపు దగ్గరే ఆగిపోయాడు. ఆయన వదిన నేసిన జంపఖానా ముందు మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో నిమిరి, చాలాసేపు మాట్లాడలేదు. చివరికి తనలో తాను అనుకున్నట్టు "మాగ్నిఫిసెంట్" అని లేచి వెళ్లిపోయాడు.

"ఏమన్నడయ్యా?" వదిన నా ముఖంలోకే చూస్తోంది.

"పర్వాలేదన్నడు వదినా. గంతే."

"గంతేనా" అంది.

నాకు అర్థం తెలియకనా? పరీక్ష కోసం బట్టీపట్టిన మాటే. మరెందుకన్నాను? ఆమె నవ్వినందుకా, లేక అంత పెద్ద మాట నన్నెవరూ అననందుకా? రెండూ నిజమే, రెండూ నీచమే. మర్నాడు పొద్దున వదిన కండెల దగ్గర కూర్చుంది. కొన్నాళ్లకు అన్న రెండో మగ్గం అమ్మేశాడు.

ఇప్పుడు నేను ఇంగ్లిషు మాస్టర్ని. ఏటా ఆ మాట చెప్పాల్సి వస్తుంది. చాయ్ బాగుంటే వాడకూడదని, ఎదుట నిలబడితే నోట మాట రాకుండా చేసేదాన్నే అలా అనాలని చెబుతాను. ఉదాహరణ అడిగితే మన కోట అంటాను. జంపఖానా అని ఇంతవరకూ అనలేదు.

మొన్న అన్న ఇంట్లో తింటూ కూర బాగుందన్నాను. "పర్వాలేదంటె చాలయ్యా" అంది వదిన. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. చెబితే మగ్గం తిరిగొస్తుందా అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు.

ఆయన పర్వాలేదనలేదు. మాగ్నిఫిసెంట్ అన్నాడు. మహాద్భుతం అని దానర్థం. వదినా, నువ్వు నేసినదాన్నే అన్నాడు.