కేబుల్ చుట్టే పని లేకుండా పోయింది

ఈ రోజు మధ్యాహ్నం ములుగులో ఒక పెళ్లి విందుకు మా బ్యాండ్ వాయించింది. నా గిటార్‌కు మొదటిసారి కేబుల్ బదులు వైర్‌లెస్ పెట్టాను. పదకొండేళ్లుగా ప్రోగ్రాం అయ్యాక డ్రమ్మర్ సమ్మన్నా నేనూ కలిసి కేబుల్ చుట్టేవాళ్లం. ఇంటి సంగతులన్నీ అప్పుడే చెప్పుకునేవాళ్లం.

ఈ రోజూ అలవాటుగా వచ్చాడు.

"కేబుల్ ఏదిరా?"

"లేదన్నా, వైర్‌లెస్ తెచ్చిన."

"మంచిగైంది తియ్. నాకు జల్ది బస్సు దొరుకుతది," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

నా ఎడమ చెవికి వినికిడి తగ్గుతోందని నిన్న డాక్టర్ చెప్పాడు. ఆ మాట ముందు సమ్మన్నకే చెబుదామనుకున్నాను. 'అన్నా, జర ఆగు' అనడానికి నోరు రాలేదు. వరంగల్ దాకా ఒక్కడినే బండి మీద వచ్చాను.

సౌండ్ మాత్రం చాలా క్లీన్‌గా వచ్చిందట.

మీ బ్యాండ్‌లో సామాన్లు సర్దేటప్పుడు మీ పక్కన ఎవరుంటారు?