తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్

పాత కార్లలోని ఎయిర్‌బ్యాగులు ఇంకా పనిచేస్తాయా లేదా అని చూడటం జోజయ్య ఉద్యోగం. తెనాలిలో లారీ మెకానిక్కుగా మొదలైన మనిషి, సిడ్నీ వచ్చాక పడమటి శివార్లలో ఒక పరీక్షశాలలో కుదిరాడు. తొంభై ఒకటి నాటికి ఆస్ట్రేలియాలో ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లు తక్కువ. ఉన్నవి బయటి దేశాల నుంచి వచ్చిన ఖరీదైనవి. అవి ముసలివై తుక్కుకు చేరితే, స్టీరింగులు ఊడదీసి పరీక్షశాలకు తెచ్చేవారు. జోజయ్య వాటిని వేడిలో మగ్గబెట్టి, కుదిపి, చివరికి మందపాటి గోడ వెనక నిలబడి కరెంటు వదిలేవాడు. ఢామ్మని తెల్లటి సంచి విచ్చుకునేది. విచ్చుకోనివి చాలా అరుదు.

ఆ నమ్మకంతోనే కూతురు జూడీకి అలాంటి పాత కారు కొన్నాడు. నర్సు ట్రైనింగులో ఉన్న పిల్ల వేళాపాళా లేని డ్యూటీలు చేసి వస్తుంది. చిన్న కొత్త కారు కన్నా ఎయిర్‌బ్యాగు ఉన్న పాతదే మేలని భార్య అమృతాన్ని ఒప్పించాడు.

వాళ్లుండే పెండిల్ హిల్ పేటలో మన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ప్రార్థన చేయించనిదే కారును రోడ్డెక్కించవు. పాస్టరుగారు వచ్చి, బానెట్టు మీద నూనె రాసి ప్రార్థించారు. అమృతం తెనాలి నుంచి తెచ్చి దాచుకున్న బైబిలు వాక్యం స్టిక్కరును, నడిపేవాళ్ల కళ్లెదుట ఉండాలని, మీటర్ల అద్దానికే అతికించింది.

"మమ్మీ, పెట్రోల్ ముల్లు మాత్రం కవర్ చెయ్యకు. జీసస్ వచ్చి ట్యాంక్ ఫిల్ చెయ్యడు," అంది జూడీ. పాస్టరుగారు కూడా నవ్వారు.

స్టిక్కరు ఒక ఎర్ర దీపాన్ని కప్పేసింది. బండి స్టార్టు చేయగానే వెలిగి ఆరిపోయే దీపం అది. ఆరకపోతే ఎయిర్‌బ్యాగులో లోపం ఉన్నట్టు. జోజయ్య చూశాడు. ప్రార్థనకు వచ్చినవాళ్ల ముందు ఊడదీయమంటే అమృతం నొచ్చుకుంటుందని, తరువాత పక్కకు జరుపుదామనుకున్నాడు. మరిచిపోయాడు.

మరుసటి చలికాలం, డ్యూటీ నుంచి వస్తుండగా జూడీ కారు వానలో జారి కరెంటు స్తంభానికి గుద్దుకుంది. ఎయిర్‌బ్యాగు తెరుచుకోలేదు. జూడీ ఆసుపత్రి దాకా కూడా చేరలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక అమృతం అడిగింది ఒక్కటే, ఆ సంచి ఎందుకు తెరుచుకోలేదని. పోలీసులు వదిలేసిన కారును జోజయ్య తన పరీక్షశాలకే తెప్పించాడు. ఈ పని నువ్వు చేయొద్దని సూపర్‌వైజరు క్రిస్ చాలాసేపు చెప్పి చూశాడు. వినకపోయేసరికి తనూ పక్కన నిలబడ్డాడు.

కారు వైర్లతో పని లేకుండా సంచికే నేరుగా కరెంటు వదిలారు. సంచి నిండుగా విచ్చుకుంది, ఎక్కడా చిరుగు లేదు. క్రిస్ తల దించుకున్నాడు. లోపం సంచిలో లేదు, స్టీరింగు కింద వైర్లు కలిసే చోట తుప్పు పట్టింది. అలా ఉంటే దీపం వెలుగుతూనే ఉండాలి. డాష్‌బోర్డుకు కరెంటు ఇచ్చి చూశారు. స్టిక్కరు అంచున సన్నగా ఎరుపు కనిపించింది.

ఆ అక్షరాలు ఏమిటని క్రిస్ మెల్లగా అడిగాడు. దేవుడు కాపాడతాడని రాసి ఉందని జోజయ్య చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి అమృతం గుమ్మంలోనే ఉంది. అక్కడ దీపం ఉందని ఆ ఇంట్లో తెలిసినవాడు తనొక్కడే. కానీ నిజం చెబితే, తప్పు నాదేనని ఎంత మొత్తుకున్నా ఆమె చెవికెక్కించుకోదు. స్టిక్కరు అతికించిన తన చేతినే చూసుకుంటూ బతుకుతుంది.

"సంచి పాతబడిపోయింది, అమృతం. ముందే తెలిసే దారి లేదు."

"మరి రోజూ మీరు చేసే పనేంటండీ?"

జోజయ్య బూట్లు విప్పడానికి వంగాడు.

"ఊళ్లోవాళ్ల సంచులన్నీ టెస్ట్ చేస్తారుగా. మన పిల్ల కారుది ఎందుకు చెయ్యలేదు?"

పేల్చకుండా సంచిని పరీక్షించలేమని, పేల్చాక అది ఇక పనికిరాదని చెప్పవచ్చు.

"చెయ్యాల్సింది," అన్నాడు.

ఆ ఆదివారం చర్చికి బయలుదేరినప్పుడు జోజయ్య ఎప్పటిలా ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. అమృతం అతన్ని దాటి వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. అతను ఖాళీ సీటు పక్క తలుపు మెల్లగా మూసి, తన వైపుకు నడిచి వచ్చి బండి తీశాడు. అప్పటి నుంచి ఆమె ఎక్కడికి వెళ్లినా అతని వెనకే కూర్చుంటుంది. ముందుకు రమ్మని అతను ఒక్కసారీ అడగలేదు.