రెండు బోట్లూ ఒకటేనన్నారు

నీళ్ల దగ్గరికి ఎప్పుడు వెళ్లినా మా చెల్లెలు గంగ మాత్రం ఒడ్డునే ఉండిపోయేది. ఆమె చక్రాల కుర్చీని గుండ్రటి పుట్టి పడవలోకి ఎక్కించడం కుదరదు. అందరి చెప్పులూ ఆమె దగ్గర వదిలి మేం నీళ్లలో ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్లం. హరూర్ అవతల డ్యాంలో పాంటూన్ బోట్లు వచ్చాయనీ, చదునైన పలక కాబట్టి కుర్చీతోనే ఎక్కొచ్చనీ విన్నరోజే ఇంట్లో చెప్పేశాను: ఈసారి గంగ ఎక్కకపోతే ఎవరూ ఎక్కరు.

తమిళనాడులోని మా ఏరియూరు నుంచి నాయన, అమ్మ, అవ్వ, గంగ, నేను ఉదయం ఆరింటికి బయలుదేరాం. వ్యాను బాడుగ పోనురాను నాలుగు వేలు. ధర్మపురిలో ఇడ్లీ తిని, డ్యాం చేరేసరికి తొమ్మిదిన్నర. పక్కింటివాళ్లకు అప్పగించిన మేకలు నీళ్లు తాగాయో లేదోనని నాయన దారంతా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

రేవులో రెండు బోట్లు. పొడవు ఒకటే, టిక్కెట్టు ఒకటే, మనిషికి నూటయాభై. తెల్లదానికి కొత్త పందిరి, మెత్తని సీట్లు. నీలందాని పందిరి చిరిగింది కానీ తలుపు వెడల్పు, పలక సరిగ్గా రేవు ఎత్తులో ఉంది. తెల్లదాని తలుపు ఇరుకు, పైగా మోకాలెత్తు మెట్టు. నీలందే కావాలన్నాను.

"అది ఆఫీసర్ ఫ్యామిలీకి పెట్టినాం. రెండూ ఒణ్ణుదాన్ తంబీ," రెండూ ఒకటేనని అన్నాడు టిక్కెట్లిచ్చే ఆయన తమిళం కలిపి. "పాపను ఎత్తి లోపల పెట్టేయండి. కుర్చీ ఇక్కడే ఉంటుంది."

ఎత్తి పెట్టేయడానికి ఆమె ఏమన్నా బియ్యం మూటా? నా ఒళ్లు మండిపోయింది. అందరి దగ్గరా ఒకే టిక్కెట్టు డబ్బు తీసుకుని తలుపు మాత్రం కొందరికే తెరుస్తారా అని అడిగాను. హక్కుల గురించి చదివినదంతా గొంతెత్తి చెప్పాను. క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు, ఎగతాళికే.

"మీటింగు పెట్టినావా అబ్బయా? ఎండ నెత్తికెక్కె," అంది అవ్వ.

ఈలోగా గంగ తన చక్రాలు తనే తిప్పుకుంటూ నేరుగా నీలం బోటులోకి పోయి బ్రేకు వేసేసింది.

"నేను కూచున్నా. ఎవరు ఎత్తుతారో ఎత్తమను!"

బోటు నడిపే సెల్వం పకపకా నవ్వి తాడు విప్పాడు. "ఆఫీసర్ ఇంకా రాలేదుగా. అరగంటలో వచ్చేస్తాం."

నా వేడి ఇంకా దిగలేదు. లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరు కూడా ఎక్కకూడదని రేవంతా వినపడేలా అరిచాను. సెల్వం జాకెట్లు బయటపెట్టాడు. బకిల్ సరిగా ఉన్నవి నాలుగే. మేం ఐదుగురం.

"అన్నా, రూలు చెప్పింది నువ్వే కదా," అంది గంగ జాకెట్ బిగించుకుంటూ. "చెప్పులు చూసుకో."

బోటు నీళ్లలోకి జరిగింది. గంగ కమ్మీ మీంచి చెయ్యి చాపి నీళ్లు తాకి, ఆ తడిచేత్తో అవ్వ బుగ్గ నిమరడం ఒడ్డు నుంచే చూశాను. అప్పుడే కారు దిగిన ఒకాయన నీలం బోటు ఏదని అడిగాడు.

"రెండూ ఒకటేనట సార్. తెల్లది ఎక్కండి," అన్నాను.

ఇది రాస్తుంటే కూడా నా కోపం తగ్గలేదు. గంగ సులువుగా ఎక్కగల బోటు ఆ రేవులోనే ఉంది, దానికి పైసా ఎక్కువ ఖర్చు లేదు. అయినా దాన్ని మెట్లు ఎక్కగలిగినవాళ్లకోసం దాచిపెట్టారు. ఇన్నేళ్లూ ఆమె ఒడ్డున ఏం చూస్తూ కూర్చుందో ఆ అరగంటలో నాకు తెలిసింది.

మీరు వెళితే పందిరి చూసి బోటు ఎంచుకోకండి. టిక్కెట్టు కొనేముందే కుర్చీని తలుపు దాకా తీసుకెళ్లి చూడండి, జాకెట్లు కూడా లెక్కపెట్టుకోండి. లేదంటే చెప్పుల కాపలా మీదే.